పైకప్పు మనిషి

లక్సెట్టిపేట దాటాక రోడ్డు పక్కన గోదాం కట్టించినప్పుడు నా ఆలోచనంతా పైకప్పు మీదే ఉండేది. మేస్త్రీ మామూలు రేకులు వేద్దామంటే ఒప్పుకోలేదు. మందం రేకులు తెప్పించాను. ఇనుప దూలాల మధ్య దూరాన్ని అతను చెప్పినదాంట్లో సగానికి తగ్గించాను. పని పూర్తయ్యాక రోజూ పొద్దున్నే లోపలికి వచ్చి, మెడ వెనక్కి వంచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పైకే చూస్తూ నడిచేవాణ్ని. చూడవచ్చిన వాళ్లందరూ ఆ కప్పును మెచ్చుకున్నారు. నా భార్య వినోద మాత్రం చెప్పు అంచుతో నేలను గీకి చూసింది.

"గిదేంది, నేల గింత పలుచగ పోయించినవ్? కింద రేగడి గదా. వానకు ఉబ్బుతది, ఎండకు పగులుతది."

"నేల ఎక్కడికి పోతది? పడేది పైదే."

"ఇంకా బాయిలనే ఉన్నవ్ నువ్వు," అని ఆమె బయటికి వెళ్లిపోయింది.

ఆమె అన్నది నిజమే. బొగ్గుబాయిలో ఇరవై నాలుగేళ్లు పనిచేశాను. అందులో ఇరవై ఒక్కేళ్లు సర్దార్‌ని. పని మొదలయ్యే ముందు చోటంతా తిరిగి, అక్కడ మనుషులు నిలబడవచ్చా లేదా అని చెప్పడం సర్దార్ పని. చేతిలో ఒక కర్ర ఉంటుంది. దానితో పైకప్పును కొట్టి చెవి పెట్టాలి. గట్టి బండ కంచులా మోగుతుంది. విడిపోయిన బండ ఖాళీ కడవలా డొల్లగా పలుకుతుంది. ఆ రెండు శబ్దాల మధ్య ఇంకా పేరు లేనివి చాలా ఉంటాయి. వాటికోసమే నాకు జీతం ఇచ్చారనుకుంటాను. అన్నేళ్లు ఒక పని చేస్తే అది చేతుల్లోనో చెవుల్లోనో ఆగదు. నాకు తెలియకుండానే నా బదులు అది నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెడుతుంది. హోటల్లో కూర్చున్నా ముందు పైకి చూసేవాణ్ని. పెళ్లిళ్లలో షామియానా గుంజలు చూసేవాణ్ని.

ఉద్యోగం వదిలి గోదాం పెట్టాక నేను చేసిన ప్రతి పని వెనుకా ఆ సర్దారే ఉన్నాడు. గోదాముకు రెండు తలుపులు పెట్టించాను. ఒక తలుపైతే దొంగలకు ఒక్కటే దారి ఉంటుందని అందరూ అన్నారు. లోపలున్న మనిషికి రెండు దారులుండాలని నేనన్నాను. హమాలీలు లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తలలు లెక్కపెట్టేవాణ్ని. "గొర్రెల లెక్క లెక్కవెడుతుండు, సాయంత్రం పాలు కూడ పిండుతడు కావచ్చు," అని నర్మద నవ్వేది. ఆమె బస్తాల మూతులు కుడుతుంది, రాలిన గింజలు ఊడుస్తుంది, ఎవరినీ వదలకుండా వెక్కిరిస్తుంది.

మొదటి ఏడాది మే నెలలో గాలిదుమారం వచ్చింది. చుట్టుపక్కల మూడు గోదాముల రేకులు లేచి పొలాల్లో పడ్డాయి. నా కప్పు కదల్లేదు. ఆ తర్వాత హుజూరాబాద్ వర్తకులు కూడా మొక్కజొన్న తెచ్చి నా దగ్గర నిల్వ పెట్టారు. నా చూపు మీద నాకు ఎంత నమ్మకం కుదిరిందంటే, ఇక చూడడం కూడా తగ్గించాను. కళ్లు పైకి వెళ్లేవి, తల ఊగేది, పని అయిపోయేది.

ఆ ఏడాది జూలై చివర్లో కరీంనగర్ దాణా కంపెనీ నుంచి నాలుగు లారీలు వచ్చాయి. కోళ్ల దాణాకు మక్కలు, అంటే మొక్కజొన్న, కొనే కంపెనీ అది. కొనుగోళ్లు చూసే దీపిక అనే అమ్మాయి ముందే ఫోన్లో చెప్పింది. ఈ నాలుగు లారీలు సరిగ్గా వెళ్తే ఏడాది పొడవునా తమ సరుకంతా నా గోదాములోనే పెడతామంది. కొత్తగా మొదలుపెట్టినవాడికి అలాంటి మాట ఊపిరి పోసినట్టుంటుంది. వారం రోజులుగా ముసురు. ఆ పొద్దున కాస్త తెరిపిచ్చింది. మళ్లీ వాన రాకముందే లారీలు నిండాలి.

నేను లోపలికి వెళ్లి చూశాను. బస్తాల దొంతరలు ఐదు ఉన్నాయి. ఒక్కొక్కటి పదహారు బస్తాల ఎత్తు. అలవాటు ప్రకారం పైకి చూశాను. దొంతరల తలలు సమంగానే ఉన్నాయి. కర్రతో నాలుగు బస్తాలను కొట్టి విన్నాను. బాగుందనుకున్నాను. మూడో దొంతర నుంచి మొదలుపెట్టమని బయటికొచ్చి చెప్పాను.

హమాలీల పెద్ద అంతయ్య కదల్లేదు. అరవై ఏళ్ల మనిషి. నడుముకు తువ్వాల చుట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సేటూ, మూడోదాని కాడికి మా వాళ్లు రారు."

"సేటు అనకు అంటే వినవు గదా అంతన్నా. ఏమైంది?"

"అది మంచిగ లేదు."

"నేను ఇప్పుడే చూసి వచ్చిన."

"చూసినవ్. నువ్వు చూసుడు నేను కూడ చూసిన. మెడ నొచ్చేదాక పైకి చూసినవ్. డాక్టరు పొట్ట మీద కొట్టినట్టు నాలుగు బస్తాలను కొట్టినవ్. మంచిగున్నదన్నవ్."

వెనక నర్మద కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"ఇరవై నాలుగేండ్లు బాయిల బతికిన. ఏది పడతదో ఏది పడదో నువ్వు చెప్తున్నవా నాకు?"

"బాయిల నువ్వు పెద్ద సర్దార్‌వే. నేను కాదంటలేను. గానీ ఇది బాయి కాదు సేటూ. గాడ పైకెల్లి వస్తది. గీడ కిందికెల్లి వస్తది."

"కింద ఏమున్నది?"

"ఏమున్నదో చూస్తెనే గదా తెలిసేది. ముందు పక్క బస్తాలు తీసుకుంట పోతే పైవన్నీ తీసేటోని మీదికే వస్తయి. నా అనుమానం గంతే. నా మనుషులను నేను పంప."

"మామా, లారీలు వాపసు పోతే మన కూలి?" అంది నర్మద, ఈసారి నవ్వకుండా.

"పోతే పోనీ పిల్లా. నీ మీద పడినాక నీ కూలి ఎవ్వలకియ్యాలె?"

లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. మబ్బు మళ్లీ దిగుతోంది. "అనుమానాల మీద గోదాములు నడవయి. పని నడవాలె," అని అరిచాను. అరిచాక ఆ గొంతు నాకు వింతగా వినిపించింది. ఆ మాట నాది కాదు. అదే మాటను, అదే విసుగుతో, ఎప్పుడో ఎవరో నాతో అన్నారు. ఎక్కడ విన్నానో గుర్తుకు రావడానికి కొన్ని క్షణాలే పట్టింది. ఆ కొన్ని క్షణాలు ఎవరూ లోపలికి వెళ్లకపోవడం నా అదృష్టం.

అప్పటికి నేను సర్దారునై నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ రోజు నాది పొద్దుటి షిఫ్టు. ఒక చోట పైకప్పును కొడితే కంచులా మోగింది. అంతా బాగానే ఉంది. అయినా నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. కారణం అడిగితే చెప్పలేను. పని ఆపమన్నాను. కింది నుంచి ఫోన్ చేస్తే మేనేజరు, "అనుమానాల మీద బాయి నడవది, పని నడవాలె," అన్నాడు. అప్పుడు మా ఓవర్‌మన్ లింగారావు వచ్చాడు. సర్దార్ల పైన ఉండే అధికారి ఆయన. కర్ర అడగలేదు. పైకప్పు కొట్టి చూడలేదు. టోపీ దీపం వెలుగు నా మొహం మీద వేసి ఒకసారి చూశాడు. "అందరు బయటికి నడువుండ్రి," అన్నాడు.

ఆ రోజు పైకప్పు పడలేదు. మరునాడూ పడలేదు. మూడోరోజు అక్కడే పనిచేసి బొగ్గు తీసేశారు. ఏమీ కాలేదు. తోటి సర్దార్లు నన్ను చూసి నవ్వారు. మేనేజరు తిట్లు లింగారావు తిన్నాడు. ఆ సంగతి ఆయన మళ్లీ నా దగ్గర ఎత్తలేదు.

నేను ముందే పసిగట్టిన ప్రమాదాల కథలు చాలామందికి చెప్పాను. వినోదకు, పిల్లలకు, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్న వాళ్లకు. ఈ కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇందులో నేను తప్పు చెప్పాను కదా. మనిషి తన అనుభవాన్ని కూడా ఏరుకుని దాచుకుంటాడు. గెలిచినవి పైన పెడతాడు, మిగిలినవి అడుగున పడేస్తాడు. కానీ నన్ను సర్దార్‌ని చేసింది ఆ రోజే. తప్పైనా సరే, తోచింది చెప్పవచ్చన్న ధైర్యం అక్కడే వచ్చింది. తర్వాతి ఇరవై ఏళ్లలో సరిగ్గా చెప్పినవన్నీ ఆ ధైర్యంతో చెప్పినవే. బాయి నాకు నేర్పింది శబ్దాలే అనుకున్నాను. ఒక మనిషి భయపడినప్పుడు పని ఆపడం కూడా అక్కడే నేర్చుకున్నానని గోదాం తలుపు దగ్గర, హారన్ల మధ్య తెలిసింది.

అంతయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. బతిమాలడం లేదు, భయపడడం లేదు.

"ఏం జేద్దాం చెప్పు," అన్నాను.

"మూడోదాన్ని, దాని పక్కన ఉన్న రెండింటిని ఇప్పుడు ముట్టద్దు. ఒకటోది, ఐదోది మంచిగున్నయి. వాటిల్లకెల్లి రెండు లారీలు నింపుదం. తర్వాత మూడోదాన్ని పైకెల్లి విప్పుదం. వెనక తలుపు దిక్కు నుంచి, మెల్లగ. ముందు పక్క ఎవ్వలు నిలవడద్దు."

"సరే."

"సరేనా?" అంతయ్య నమ్మలేనట్టు చూశాడు. చాలాసేపు వాదించడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి ఆ ఒక్క మాట చాలలేదు.

దీపికకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఇవాళ రెండు లారీలే నిండుతయి."

"అదేంది సార్? నిన్న అన్నీ రెడీ అన్నరు గదా."

"అన్న. తప్పు చెప్పిన. ఒక వరుస మంచిగ లేదు. దాని కింద మనుషులను నిలవెట్టలేను."

"ఎవరన్నా ఇంజనీరు చూసిండా సార్?"

"లేదమ్మా. మా హమాలీ చెప్పిండు."

"మిగిలిన రెండు లారీలను హుజూరాబాద్ పంపుత సార్. ఏమనుకోకుండ్రి. నేను కూడ మా పెద్ద సార్లకు జవాబు చెప్పుకోవాలె."

"పంపు బిడ్డా. నీ తప్పేం లేదు. మరి ఏడాది సరుకు సంగతి?"

"అది తర్వాత మాట్లాడుదం సార్."

తర్వాత అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. రెండు ఖాళీ లారీలు వెనక్కి తిరిగి రోడ్డెక్కాయి. వాటిలో నా ఏడాది వెళ్లిపోతోందని తెలిసినా, నేననుకున్నంత బాధ కలగలేదు. ఎందుకో అర్థం కాలేదు. మధ్యాహ్నం అంతయ్య మనుషులు మూడో దొంతర పైకెక్కి విప్పడం మొదలుపెట్టాక, వెనక తలుపు బయట నిలబడి లింగారావుకు ఫోన్ చేశాను. ఆయన కరీంనగర్‌లో కూతురు అలేఖ్య దగ్గర ఉంటున్నాడు. మాట్లాడి ఆరేళ్లయింది.

"ఎవలూ? కైలాసమా? ఓరి, బతికే ఉన్నవా!"

"ఉన్న సార్. ఒక సంగతి అడుగుత. నేను కొత్తగ సర్దార్ అయినప్పుడు, రూఫ్ మంచిగనే మోగుతున్నా నాకు భయమైతుందంటే మీరు అందరిని బయటికి తీసుకొచ్చిండ్రు. యాదికున్నదా?"

"ఏ రోజు?"

"మూడు రోజులైనా పడలే. మేనేజరు మిమ్మల్ని తిట్టిండు."

"మేనేజరు తిట్టని రోజు చెప్పు, గది యాదికుంటది." నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. "నాకేం యాది లేదురా. గా రోజు నాకు కడుపునొప్పి ఉండెనో ఏమో. పైకి పోదామని చూసిన కావచ్చు."

"మీరు నన్ను నమ్మిండ్రు సార్."

"నమ్మకపోతే ఏం జేస్తం? సర్దార్‌వి నువ్వు గదా." ఆ మాటను ఆయన చాలా మామూలుగా అన్నాడు. "ఇంతకు ఇప్పుడెందుకు యాదికొచ్చింది? ఏమన్న పరేషానా?"

"ఏం లేదు సార్. మీకు దండం పెట్టాలనిపించింది."

"ఫోన్ల దండమేందిరా! ఇంటికి రా. అలేఖ్య మటన్ వండుతది. డాక్టరు వద్దన్నడని నాకు పెడతలేదు. నీ పేరు మీద నేను తింట."

ఫోన్ పెట్టేశాను. నన్ను మలిచిన రోజు ఆయనకు గుర్తే లేదు. ముందు కొంచెం వెలితిగా అనిపించింది. తర్వాత ఆ వెలితే తేలికగా మారింది. నాకోసం ఏదో పెద్ద త్యాగం చేశానని ఆయన అనుకుని ఉంటే, ఇన్నేళ్లూ నేను ఆ బరువు మోసేవాణ్ని. ఆయన తన పని తాను చేశాడు, మరిచిపోయాడు. గాలి పీల్చినందుకు ఎవరికీ కృతజ్ఞతలు చెప్పం. అయినా ఒక్కోసారి, ఊపిరి ఆగబోయి మళ్లీ అందినప్పుడు, చెప్పాలనిపిస్తుంది. నాకు ఆ మధ్యాహ్నం అలాగే అనిపించింది. ఆయనకు, ఆ బాయికి, ఆ రోజు పడని ఆ బండకు కూడా.

"సేటూ, జర ఇటు రా!" లోపలి నుంచి అంతయ్య పిలిచాడు.

పన్నెండు వరుసలు దిగాయి. మిగిలిన నాలుగు వరుసల మధ్య ఒక గుంత ఏర్పడి ఉంది. అంతయ్య అడుగు బస్తాను అరచేత్తో నొక్కాడు. అది దిండులా లోపలికి పోయింది. దాని పక్కది, ఆ పక్కది కూడా అంతే. లోపలి బస్తాలు సగానికి పైగా ఖాళీ. బయటి వరుస మాత్రం నిండుగా నిలబడి, పైనున్న బరువంతా మోస్తూ, ఏమీ లేనట్టు కనిపించింది. నర్మద చీపురుతో రెండు బస్తాలను జరిపింది. నేలలో వేలు పట్టేంత పగులు. దాని అంచున పందికొక్కులు తవ్విన బొరియ.

ముందు పక్కన లారీ నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఆరుగురు నిలబడి ఉండేవాళ్లు. వాళ్లందరూ ఇప్పుడు నా చుట్టూ చెమటలు తుడుచుకుంటూ, చాయ్ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తున్నారు. ఒక బస్తా మీద కూర్చున్నాను. పైన నా మందం రేకులు, నా దగ్గర దగ్గర దూలాలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. అంత గట్టి కప్పు కట్టి, ఇంత పలుచని నేల పోయించిన మనిషి బాయిలో పనిచేసినవాడు తప్ప మరొకడు కాడు.

వినోద చాయ్ తెచ్చింది. పగులును చూసింది, నన్ను చూసింది. "నేను చెప్పలేదా" అనే మాటను ఆమె పెదవుల దాకా తెచ్చి ఆపుకోవడం నాకు కనిపించింది. ఒక గ్లాసు నా చేతికిచ్చి, "ఎండాకాలం నేల పోయిద్దాం. మందంగ," అంది. అంతే. ఆ మాట మింగినందుకు ఆమెకు కూడా ఆ రోజు మనసులో దండం పెట్టుకున్నాను.

"నీకెట్ల తెలిసింది అంతన్నా?" అని అడిగాను, అతను చాయ్ తాగడం అయ్యాక.

అంతయ్య కాలు ఎత్తి అరికాలు చూపించాడు. "గోడ పక్కపొంటి నడుస్తుంటే కాళ్లకు మక్కలు తగిలినయి. పైన ఒక్క బస్తా పలగలే. పలగని బస్తాలల్లకెల్లి మక్కలు ఎట్ల వస్తయి? కింద ఏదో ఉన్నదనుకున్న."

"నేను కూడ గాడనే నడిచిన గదా."

"నువ్వు బూట్ల మీద నడిచినవ్ సేటూ."

నా కాళ్ల వైపు చూసుకున్నాను. బాయి మానేసినా ఆ గట్టి బూట్లు మానలేదు. గోదాములో ఎందుకని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. వంగి లేసులు విప్పాను.

"రేపటికెల్లి నువ్వు నడిచి చూసి సరే అన్నాకనే లారీ లోపలికి. నేను చెప్పినా సరే, నువ్వు వద్దంటే వద్దు," అన్నాను.

"గట్లయితే నాకు కూడ సర్దార్ పింఛన్ ఇప్పిస్తవా?"

"అది నాకే సరిగ్గ వస్తలేదు."

"సేటు నేల మీదికి దిగిండు, చూడుండ్రి!" అని నర్మద అందరికీ వినిపించేలా అరిచింది. నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను.

బూట్లు, మేజోళ్లు పక్కన పెట్టి నాలుగో దొంతర వెనక గోడ వెంబడి అడుగు వేశాను. ఏళ్లుగా తోలు లోపల మెత్తబడిన పాదాలు ప్రతి చిన్న రాయికీ ఉలిక్కిపడ్డాయి. అంతయ్య నా వెనక వస్తున్నాడు.

"పైకి చూడకు. కండ్లు మూసుకున్నా మంచిదే. ఏమన్న తగిలిందా?"

"ఇక్కడ చల్లగ ఉన్నది."

"చల్లగనా? తడిగనా?"

ఆగి, పాదాన్ని అదిమి చూశాను. తేడా తెలియలేదు. "తెలుస్తలేదు అంతన్నా."

"తెలుస్తది. జల్దేం లేదు," అని నా భుజం పట్టి వెనక్కి తిప్పాడు. "మల్ల మొదటికెల్లి నడువు."

గోడ మొదటికి వెళ్లి, మళ్లీ నడవడం మొదలుపెట్టాను.